స్లాట్‌లోకి మారిన మా అబ్బాయికి

చిన్నా,

మీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ పని నుంచి తీసేసి, వరుసలో లోపలి వైపు (స్లాట్‌లో) నిలబడి బంతి పట్టే స్లాట్ రిసీవర్‌గా ఆడమన్నారని నిన్న రాత్రి అన్నం సరిగ్గా తినలేదు నువ్వు. ఎదురుగా కూర్చుని చెబితే వాదనలోకి దిగుతామని రాస్తున్నాను. రూట్ల, అంటే రిసీవర్ పరిగెత్తే దారుల, పేర్లు మీ కోచ్ వాడే మాటల్లోనే పెట్టాను, తడుముకోకుండా చదువు.

రిసీవర్ జూలియన్ ఎడెల్మన్ సూపర్ బౌల్ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్) క్లిప్పులు నువ్వు చాలాసార్లు చూశావు. వాటికి ముందున్న నాలుగేళ్ళు ఎవరూ చూపించరు. నీకు పనికొచ్చేది ఆ నాలుగేళ్ళే.

అతనూ నీలాగే క్వార్టర్‌బ్యాక్. కెంట్ స్టేట్ యూనివర్సిటీకి ఆడాడు. 2008 సీజన్‌లో పరిగెత్తే 1,370 గజాలు సాధించాడు. అయినా ఎన్‌ఎఫ్‌ఎల్ కంబైన్‌కు, అంటే కొత్తవాళ్ళను పరీక్షించే శిబిరానికి, పిలుపు రాలేదు. జట్లు వంతులవారీగా కొత్తవాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 2009లో 256 పేర్లు పిలిచారు, ఇతనిది ఏడో రౌండ్‌లో 232వ పేరు. తీసుకున్న పేట్రియాట్స్ జట్టే ఆ ఏడాది మూడో రౌండ్‌లో బ్రాండన్ టేట్ అనే అసలైన రిసీవర్‌ని తీసుకుంది. ఇతనికి ఆ పని అప్పటికి కొత్త.

క్యాచ్‌ల లెక్క చూడు. 2009లో 37, 2010లో 7, 2011లో 4, 2012లో 21, 2013లో 105. మధ్యలో ఆ 7నీ 4నీ చూస్తే ఇక ఇతని పని అయిపోయిందనే అనుకుంటాం. కారణం ఆట తగ్గడం ఒక్కటే కాదు. అదే స్లాట్‌లో వెస్ వెల్కర్ ఉన్నాడు, దాదాపు ప్రతి సీజన్‌లోనూ వందకు పైగా బంతులు పట్టినవాడు. 2013లో వెల్కర్ డెన్వర్ వెళ్ళిపోయాకే చోటు ఖాళీ అయింది. అప్పుడు కూడా ఎడెల్మన్ చేతిలో ఉన్నది ఒక్క ఏడాది ఒప్పందమే.

నాలుగు క్యాచ్‌ల మనిషిని జట్టు ఎందుకు ఉంచుకుంది? పంట్ రిటర్న్ కోసం, అంటే అవతలి జట్టు తన్నిన బంతిని పట్టి ఎదురు పరిగెత్తడం కోసం. 2010 సీజన్ చివరి మ్యాచ్‌లో మయామి మీద 94 గజాలు తిప్పి టచ్‌డౌన్ చేశాడు, అంటే బంతిని అవతలి గోల్ గీత దాటించాడు. 2011లో డిఫెన్స్‌లో మనుషులు చాలకపోతే రిసీవర్లను కాచే కార్నర్‌బ్యాక్‌గా కూడా నిలబడ్డాడు. నువ్వు కూడా ముందు అడగాల్సింది పంట్ రిటర్న్ పని. అడిగేవాళ్ళు తక్కువ, అందుకే దొరుకుతుంది. బంతి పైకి లేచాక దాని ముక్కు చూడు. ముక్కు కిందికి తిరిగితే బంతి దూరం వస్తుంది, వెనక్కి వెళ్ళు. ముక్కు పైకే ఉండిపోతే ముందే పడుతుంది, పరిగెత్తుకుని రా. ఎడమ కాలితో తన్నే పంటర్ బంతి ఎదురు దిక్కుకు తిరుగుతుంది కాబట్టి చివర్లో అవతలి పక్కకు జారుతుంది. మ్యాచ్‌కి ముందే అవతలి పంటర్ ఏ కాలితో తంతాడో కనుక్కో. మోచేతులు పక్కటెముకలకు ఆనించి, చంటిపిల్లను అందుకున్నట్టు ఒడిలోకి తీసుకో. మన గోల్ గీతకు ముందున్న 10 గజాల గీత మీద నిలబడు, బంతి నీ తల మీదుగా వెనక్కి పోతే వదిలెయ్.

ఇక రిసీవర్ పని. ముందు చేతులు. ఛాతీకి పైన వచ్చే బంతికి రెండు బొటనవేళ్ళూ, రెండు చూపుడువేళ్ళూ దగ్గర చేసి మధ్యలో చిన్న ముక్కోణం వదులు, బంతి ముక్కు అందులోంచి కనపడాలి. నడుముకు కింద వచ్చేదానికి చిటికెనవేళ్ళు కలిపి దోసిలి పట్టు. నడుము దగ్గరకు వచ్చేదే కష్టం, ఎటు తిప్పాలో తేల్చుకోలేక ఎక్కువమంది అక్కడే వదిలేస్తారు. మోకాళ్ళు కొంచెం వంచావంటే అదే బంతి ఛాతీ ఎత్తుకు వస్తుంది, సందేహం తీరిపోతుంది. చేతులు ముందుకు చాపు, మోచేతులు మాత్రం బిగించకు, బిగిస్తే బంతి గోడకు తగిలినట్టు తిరిగి వెళ్ళిపోతుంది. ఛాతీకి ఆనించి పట్టే అలవాటు నీకుంది. షోల్డర్ ప్యాడ్ గట్టి ప్లాస్టిక్, బంతి తగిలి ఎగురుతుంది.

నువ్వు వదిలేసిన బంతుల్లో ఎక్కువ చేతుల తప్పు కాదు, కళ్ళ తప్పు. బంతి చేతిలోకి రాకముందే ఎటు పరిగెత్తాలా అని తల తిప్పుతున్నావు. చంకలో దూర్చేదాకా చూపు బంతి మీదే ఉండాలి. వేళ్ళు ముక్కు మీద, అరచేయి, ముంజేయి, కండ, పక్కటెముకలు, ఈ ఐదూ బంతిని తాకాకే తల ఎత్తు. డెట్రాయిట్ లయన్స్ ఆటగాడు అమాన్-రా సెయింట్ బ్రౌన్ డ్రాఫ్ట్ నాలుగో రౌండ్‌లో 112వ వాడుగా వచ్చాడు, బంతులు విసిరే జగ్స్ మెషిన్ ముందు రోజుకు 202 బంతులు పట్టడం అతని లెక్క. నీకు ఇప్పుడు 60 చాలు. ఇరవై పైవి, ఇరవై దోసిలివి, పది ఎడమ భుజం మీంచి, పది కుడి భుజం మీంచి. అలసిపోయాక పట్టేవి లెక్కలో వేసుకోకు, అప్పుడు వేళ్ళు తప్పుడు అలవాటు నేర్చుకుంటాయి.

చేతుల కన్నా నేను ఎక్కువ పట్టించుకునేది బ్రేక్‌ని, అంటే రూట్‌లో మలుపు తిరిగే చోటుని. ఎడెల్మన్ బలం అక్కడే. అటూ ఇటూ దిక్కు మార్చుకుంటూ పరిగెత్తే 20 గజాల షటిల్ పరుగును నాలుగు సెకన్లలోపే పూర్తి చేశాడు. అది ఉత్త వేగం కాదు, ఆగగలిగిన వేగం. ఆగేముందు నువ్వు నిటారుగా లేస్తున్నావు. తల ఎత్తు పెరగ్గానే డిఫెండర్‌కి తెలిసిపోతుంది. ఛాతీ మోకాళ్ళ మీదుగా ఉంచి, చివరి రెండు మూడు అడుగులు చిన్నవి చేసి, నడుము కిందికి దించు. బయటి కాలు శరీరం కింద పడాలి, దూరంగా చాపితే జారతావు. లోపలికి తిరిగేటప్పుడు మలుపు గుండ్రంగా చేస్తే డిఫెండర్ అడ్డదారిలో వచ్చి బంతి లాక్కుంటాడు. ముందు తల తిప్పు, తర్వాత భుజాలు. తల ఆలస్యమైతే బంతి హెల్మెట్‌కి తగులుతుంది.

స్లాట్‌లో అసలు పరీక్ష ఆప్షన్ రూట్. ఐదారు గజాలు వెళ్ళి నువ్వే నిర్ణయించుకోవాలి. డిఫెండర్ నీకు లోపలి వైపున ఉంటే బయటికి తిరుగు, బయటి వైపున ఉంటే లోపలికి. ఎవరూ వెంట పడకుండా తమ చోటు కాస్తున్నారంటే జోన్, ఇద్దరి మధ్య సందు చూసుకుని ఆగి క్వార్టర్‌బ్యాక్ వైపు తిరుగు. నువ్వు తిరగకముందే బంతి అతని చేయి వదులుతుంది. నువ్వు లోపలికి, బంతి బయటికి అయిందంటే ఇంటర్‌సెప్షన్ (బంతి అవతలి జట్టు చేతికి పోవడం), స్కోరుషీట్ మీద తప్పు మాత్రం అతని పేరనే పడుతుంది. అందుకే క్వార్టర్‌బ్యాక్‌లు వేగం కన్నా ముందు ఇది చూస్తారు. ఇక్కడ నీకు ఒక లాభం ఉంది. అటునుంచి ఈ ఆట చూసినవాడివి, అతనికి ఏ క్షణంలో ఏం కనపడుతుందో నీకు తెలుసు. ప్రాక్టీస్ అయ్యాక ఐదు నిమిషాలు అతని పక్కన కూర్చుని, "ఆ ప్లేలో నీకు నేను ఎటు కనపడ్డాను?" అని అడుగు. జవాబు నోట్‌బుక్‌లో రాసుకో.

డ్రాప్ అయిన ప్రతిసారీ మొహం వేలాడేస్తున్నావు. 2017 ఫిబ్రవరిలో అట్లాంటా మీద సూపర్ బౌల్‌లో ఎడెల్మన్ పట్టినవి ఐదే. అందులో ఒకటి రెండున్నర నిమిషాలు మిగిలి ఉండగా. బంతి డిఫెండర్ చేతికి తగిలి పైకి లేచింది, ముగ్గురు దాని మీద పడ్డారు, ఇతని వేళ్ళు గడ్డికి అంగుళం పైన దాని కిందికి వెళ్ళాయి, పట్టు జారితే మళ్ళీ పట్టుకున్నాడు. చూపు మాత్రం ఒక్క క్షణం కూడా పక్కకు పోలేదు. 2019 సూపర్ బౌల్‌లో 10 క్యాచ్‌లు, 141 గజాలతో ఎంవీపీ (మ్యాచ్ ఉత్తమ ఆటగాడు). ప్లేఆఫ్ (నాకౌట్) మ్యాచ్‌లు వదిలేస్తే మొత్తం కెరీర్‌లో 620 క్యాచ్‌లు.

ఇంకోటి, విసరడం మర్చిపోకు. 2015 జనవరిలో బాల్టిమోర్ మీద ప్లేఆఫ్ మ్యాచ్‌లో వెనక్కి వచ్చిన పాస్ అందుకుని, ఎడెల్మన్ తనే 51 గజాల టచ్‌డౌన్ పాస్ వేశాడు. కెంట్ స్టేట్‌లో పెంచుకున్న చేయి ఆరేళ్ళ తర్వాత అక్కరకొచ్చింది. వారానికి ఇరవై త్రోలు వేస్తూ ఉండు, మీ కోచ్‌కి ఆ సంగతి తెలిసేలా చూసుకో.

ఆదివారం పొద్దున ఏడింటికి స్కూల్ గ్రౌండ్ ఖాళీగా ఉంటుంది. నాలుగు కోన్లు, ఆరు బంతులు కారులో పెట్టాను. ముందు బంతి లేకుండా బ్రేకులు పది, తర్వాత ఆప్షన్ రూట్. డిఫెండర్‌గా నేను నిలబడతాను, ఎటు నిలబడతానో ముందు చెప్పను.

నాన్న