ఏది దొరికితే జీవం అంటామో ముందే తేల్చుకోవాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

భూమి బయట జీవాన్ని వెతకడానికి ఒక బృందాన్ని పంపాలన్న మాట ఎప్పుడు వచ్చినా మనం ముందు రాకెట్ గురించే మాట్లాడుకుంటాం. ఎంత పెద్దది, ఎన్ని నెలల ప్రయాణం, ఎంతమంది వెళ్తారు, మొదట ఎవరు దిగుతారు. అక్కడ ఏం కనిపిస్తే ఇది జీవమే అని ఒప్పుకుంటారో, ఏం కనిపిస్తే కాదంటారో ఎవరూ అడగరు. అసలు ప్లానింగ్ మొదలవ్వాల్సింది ఆ ప్రశ్నతోనే అని నా గట్టి అభిప్రాయం.

1976లో వైకింగ్ ల్యాండర్లు రెండు అంగారకుడి మీద దిగినప్పుడు ఏం జరిగిందో చూడండి. వాటిలోని ఒక ప్రయోగంలో కొంచెం మట్టి తీసుకుని, రేడియోధార్మిక కార్బన్ కలిపిన పోషక ద్రవాన్ని దాని మీద చుక్కగా వేశారు. సూక్ష్మజీవులుంటే ఆ ద్రవాన్ని తిని వాయువు వదలాలి. వాయువు వచ్చింది! సూక్ష్మజీవులుంటే చచ్చిపోయేలా మట్టిని ముందే 160 డిగ్రీల దాకా వేడిచేసి చుక్క వేస్తే మాత్రం రాలేదు. ఆ ప్రయోగానికి ముందే పెట్టుకున్న షరతు ప్రకారం అయితే జీవం ఉన్నట్టే. కానీ అదే ల్యాండర్‌లోని ఇంకో పరికరం ఆ మట్టిలో జీవుల శరీరాలకు ఆధారమైన సేంద్రియ (కార్బన్) పదార్థమే లేదని చెప్పింది, మరి శరీరమే లేకుండా తిన్నదెవరు? ఎక్కువమంది శాస్త్రవేత్తలు ఇది మట్టిలోని రసాయన చర్యే అన్నారు, ఆ ప్రయోగాన్ని తయారుచేసిన గిల్బర్ట్ లెవిన్ మాత్రం జీవమేనని 2021లో చనిపోయేదాకా వాదిస్తూనే ఉన్నారు.

తర్వాత 2008లో ఫీనిక్స్ ల్యాండర్ అంగారకుడి మట్టిలో పెర్‌క్లోరేట్ ఉందని కనిపెట్టింది. ఈ లవణం వేడెక్కితే పక్కనున్న సేంద్రియ పదార్థాన్ని కాల్చేస్తుంది. వైకింగ్ పరికరం మట్టిని వేడిచేసే వెతికింది కదా, అంటే వెతుకుతున్నదాన్ని వెతికే పద్ధతే పాడుచేసి ఉండొచ్చు. ఈ సంగతి మనకు తట్టడానికి 32 ఏళ్లు పట్టింది.

ఆ శాస్త్రవేత్తల తెలివిని నేను తప్పు పట్టడం లేదు, అంతకుముందు ఎవరూ చేయని పని చేశారు. కానీ ఒక్కో పరికరానికి విడిగా షరతు ఉంటే చాలదని, రెండు పరికరాలు రెండు మాటలు చెప్తే ఏం చేయాలో కూడా బయల్దేరకముందే రాసుకోవాలని, అన్నిటికంటే ముందు ఆ మట్టి రసాయనం తెలియాలని దీనితో అర్థమైంది. అందుకే బృందంలో భూగర్భ శాస్త్రవేత్తలు, రసాయన శాస్త్రవేత్తలు, సూక్ష్మజీవుల మీద పనిచేసేవాళ్లు పరికరాల డిజైన్ దశ నుంచే ఉండాలి. ఇంకొక చిన్న గుంపు కూడా ఉండాలి, "జీవం లేకుండా ఈ ఫలితం ఇంకెలా రావొచ్చు?" అని అడగడమే వాళ్ల ఉద్యోగం. వాళ్ల మాటకు విలువ ఉండాలి, రిపోర్టు చివర్లో ఒక పేరాకి పరిమితం చేయకూడదు.

మనుషుల్ని పంపడం గురించి కూడా ఒక మాట. వైకింగ్‌ని 110 డిగ్రీలకు పైగా వేడిలో గంటల తరబడి ఉంచి శుభ్రం చేశారు. మనిషిని అలా చేయలేం, మన ఒంట్లో దాదాపు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటుంది. వేరే గ్రహాలను కలుషితం చేయకూడదని 1967 అంతరిక్ష ఒప్పందం చెబుతోంది, శని చుట్టూ తిరిగే ఎన్సెలాడస్, టైటాన్ లాంటి చంద్రుల మీద పడకూడదనే 2017లో కస్సీని వ్యోమనౌకని శని గ్రహంలోకే దూకించి ముగించారు. అంత జాగ్రత్తపడ్డాక, జీవం ఉండొచ్చనుకునే చోటే మనుషుల్ని దించితే దొరికిన సూక్ష్మజీవి అక్కడిదో మనదో ఎలా తేల్చాలి? మనుషులు వెళ్లాలనే నేనూ కోరుకుంటున్నాను. కాకపోతే మొదటి బృందం అంగారకుడి కక్ష్యలోనే ఉండి కింద రోబోలను నడిపితే చాలు. భూమి నుంచి సిగ్నల్ చేరడానికి పట్టే 3 నుంచి 22 నిమిషాల ఆలస్యం పోతుంది, మట్టీ శుభ్రంగా ఉంటుంది.

ఇక నమూనాల సంగతి. అంగారకుడి మీద నాసా పర్సీవరెన్స్ రోవర్ ఒక రాయిలో జీవానికి సంబంధించినవి కావొచ్చు అనిపించే ఆనవాళ్లు చూసింది, అందులోంచి తీసిన ముక్క ట్యూబులో భద్రంగా ఉంది. దాన్ని ఇక్కడి ల్యాబులకు తెస్తే గానీ ఏదీ తేలదు. తేవడానికి 1,100 కోట్ల డాలర్లు అవుతుందని, పాత ప్లాన్‌తో 2040 దాకా రాదని 2024లో నాసాయే చెప్పింది. నమూనా తీసే ప్లాన్‌తో పాటే తెచ్చే ప్లాన్‌కీ డబ్బు కేటాయించి ఉండాల్సింది, ఇది నాకు నిజంగా బాధగా ఉంది.

చివరగా మీకొక విన్నపం. జీవం దొరికిందన్న వార్తలు ఎంతవరకు నమ్మదగినవో చెప్పడానికి 2021లో నాసా శాస్త్రవేత్తలు ఏడు మెట్ల కొలమానం ఒకటి ప్రతిపాదించారు. మొదటి మెట్టు సంకేతం కనిపించడం, రెండోది అది మన కాలుష్యం కాదని తేలడం, ఏడోది వేరే పరిశీలనల్లో కూడా స్వతంత్రంగా రుజువు కావడం. ఇకమీదట ఇలాంటి వార్త వేసినప్పుడల్లా అది ఎన్నో మెట్టు మీద ఉందో హెడ్డింగ్ కిందే ఒక లైను వేయండి.

మీ పాఠకుడు