పాత హార్న్‌బీ ఇంజిన్ కొనేముందు

అయ్యా,

పాత రైలింజిన్ల నమూనాలు కొనేవారు రంగు కన్నా ముందు లోహాన్ని చూడాలి. బ్రిటన్‌లో 1938లో మొదలైన హార్న్‌బీ డబ్లో శ్రేణి బొమ్మ ఇంజిన్లు జింకు మిశ్రమంతో పోతపోసినవి. అందులో సీసం రవ్వంత కలిసినా ఏళ్లు గడిచేకొద్దీ లోహం ఉబ్బి, పగుళ్లిచ్చి, పొడిగా రాలుతుంది. దానికి మందు లేదు, జిగురు పెట్టినా వృథా. అడుగుభాగం వంగిందేమో గాజుపలకపై పెట్టి చూడండి.

ఆ తొలి ఇంజిన్లు మూడు పట్టాలవి, 12 వోల్టుల డీసీతో నడిచేవి. 1959లో వచ్చిన రెండు పట్టాల దారిపై పెడితే, చక్రాలకు ఇన్సులేషన్ లేక షార్ట్ అవుతుంది. మోటారు త్వరగా వేడెక్కి నెమ్మదిస్తే అయస్కాంతం బలహీనపడి ఉండొచ్చు. ఆర్మేచర్ (మోటారులో తిరిగే తీగచుట్ల భాగం) తీసేటప్పుడు అయస్కాంతం బలం తగ్గకుండా దాని ధ్రువాల మధ్య ఇనుపముక్క ఉంచండి. దయచేసి కొత్త రంగు మాత్రం వేయకండి, వెలిసిన ఆ రంగే దాని చరిత్ర.

– ఒక పాఠకుడు