పురుగు జాతి వేరు, బ్యాక్టీరియా జాతి వేరు

సంపాదకులకు నమస్కారం.

పత్తి కాయను తొలిచే గులాబీ రంగు పురుగునూ, దాన్ని చంపే విషపు జన్యువును పత్తికి ఇచ్చిన బీటీ (బాసిల్లస్ తురింజియెన్సిస్) బ్యాక్టీరియానూ 'జాతులు' అంటూ ఒకే గాటన కట్టేస్తున్నారు. పురుగు తన జాతితోనే జతకడుతుంది కాబట్టి దానికి జాతి అంటే గట్టి హద్దే. మా ఆదోని పత్తి చేలల్లో దాని కోసం ఆడ పురుగు వాసన ఎరగా పెట్టిన లింగాకర్షక బుట్ట కడితే ఆ జాతి మగ రెక్కల పురుగులే పడతాయి, శనగపచ్చ పురుగు అటు తిరిగి చూడదు. బ్యాక్టీరియాకు జతకట్టడమే లేదు. ఒక కణం రెండవుతుంది, జన్యువులను పక్కవాటికీ ఇచ్చేస్తుంది. బీటీలో పురుగును చంపే విషపు జన్యువులు ఎక్కువగా ప్లాస్మిడ్ల మీదే, అంటే కణంలో విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏ ముక్కల మీదే, ఉంటాయి. అవి పోయాయా, అన్నాన్ని పాడుచేసే బాసిల్లస్ సీరియస్‌ అనే బ్యాక్టీరియా నుంచి దాన్ని వేరుగా గుర్తుపట్టడం నిపుణులకూ తలనొప్పే!

బీటీ పత్తి చేను చుట్టూ బీటీ కాని మామూలు పత్తి వేయమనేది పురుగు జతకడుతుంది కాబట్టే. బీటీ చేలో బతికిన పురుగులు అక్కడి పురుగులతో జతకడితే విషాన్ని తట్టుకునే గుణం పలచబడుతుంది. విత్తనాలు కొనేలోపు మీ రైతు పేజీలో ఇది రాయండి.

- ఒక పత్తి రైతు, ఆదోని, కర్నూలు జిల్లా