డ్రంగ్ ఊరివాళ్లకు, మా గైడ్ భాయ్‌కి కృతజ్ఞతలు

మోకాలికి కట్టుతో హనుమకొండలో ఇంట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. నడక మొదలుపెట్టాక రాద్దామనుకున్నా కానీ, అంతవరకు ఆగబుద్ధి కాలేదు.

ఫిబ్రవరిలో ఎనిమిది రోజులు కశ్మీర్‌లోని గుల్‌మార్గ్‌లో ఉండి పీర్ పంజాల్ కొండల్లో తిరిగాం. మొదట దేవదారు అడవుల్లో నడక, తర్వాత స్కీలు. గండోలా (కేబుల్ కారు) సుమారు 3,950 మీటర్ల ఎత్తు దాకా తీసుకెళ్తుంది. అక్కడి నుంచి స్కీల అడుగున స్కిన్స్ (వెనక్కి జారకుండా పట్టు ఇచ్చే పట్టీలు) అంటించుకుని అఫర్వత్ గట్టు ఎక్కాలి.

నాలుగో రోజు మా గైడ్ భాయ్ పారతో నడుము లోతు గొయ్యి తవ్వాడు. మంచు గోడలో పొరలు కనబడ్డాయి. అడుగు పొరను వేలితో గీకితే పంచదారలా రాలిపోయింది. పైనున్న కొత్త మంచు బరువు అది ఆపలేదు, ఈ వాలు వద్దన్నాడు. ఎంతో ఆశపడి వచ్చాం, చాలా బాధేసింది. మర్నాడు పొద్దున చూస్తే ఆ వాలు మీద మంచు విరిగి జారిన గీత కింది నుంచే కనిపించింది. నా కాళ్లు వణికాయి. భాయ్, ఆ రోజు మీరు వద్దనకపోతే ఈ పోస్టు రాయడానికి నేను ఉండేవాడిని కాదు.

ఆఖరి రోజు అడవిలోంచి డ్రంగ్ వైపు దిగుతుంటే, మంచు కింద పడి ఉన్న దుంగలో స్కీ ఇరుక్కుని మోకాలు మెలితిరిగింది. భాయ్ నా బ్యాగులోని ఫోమ్ షీట్ చుట్టి, పట్టీలతో కాలు కదలకుండా కట్టాడు. ఫోన్ చేస్తే ఊరి నుంచి ఇద్దరు కుర్రాళ్లు చెక్క స్లెడ్జ్ లాక్కుంటూ పైకి వచ్చారు. ఏటవాలు వచ్చినప్పుడల్లా ఒకడు వెనక తాడు పట్టి, తన మడమలు మంచులో దిగేసి ఆపాడు.

వాళ్లింట్లో చాచీ తన కొడుకు ఫెరన్ (పొడవాటి ఉన్ని అంగీ) నాకు తొడిగి, లోపల కాంగ్డీ (చిన్న నిప్పుల కుంపటి) పెట్టింది. గులాబీ రంగు ఉప్పు చాయ్ పోసింది. మన హైదరాబాదీ ఉర్దూ వాళ్లకు బాగానే అర్థమైంది. డబ్బులిస్తే ఒక్కరూ తీసుకోలేదు. బ్యాగులో మిగిలిన సకినాలు తీసి ఇస్తే పిల్లలు కరకరమంటూ తినేశారు.

టంగ్‌మార్గ్‌లో చూసిన డాక్టర్ గారికి, మందుల షాపు దాకా పరిగెత్తిన డ్రైవర్ అన్నకు కూడా దండాలు.

ఆ ఫెరన్ నా ఒంటి మీదే వచ్చేసింది. ఉతికించి ఉంచాను చాచీ. సంక్రాంతి సకినాలతో పాటు నేనే తెచ్చిస్తాను.