జ్వరం దిగింది సరే, ఒంట్లోకి సత్తువ రానీ

ఒరేయ్ మిత్రమా,

నిన్న ఫోన్లో నీ గొంతు విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. జ్వరం దిగింది, సోమవారం నుంచి ఆఫీసుకి పోతానన్నావు. అంత తొందర వద్దురా.

ఫ్లూ జ్వరం మామూలుగా 3, 4 రోజుల్లో దిగిపోతుంది. దగ్గు, నీరసం మాత్రం 2 వారాలు దాటినా వదలకపోవచ్చు. ఆ వైరస్ ముక్కు దగ్గర్నుంచి గాలిగొట్టాల దాకా లోపలి పొరని పాడుచేస్తుంది. అది మళ్లీ కట్టుకోవడానికి వారాలు పడుతుంది. అందుకే కాస్త చల్లగాలి తగిలినా, గట్టిగా నవ్వినా దగ్గు తెరలు తెరలుగా వస్తోంది నీకు. పైగా మంచాన పడి ఉన్నన్నాళ్లూ కండ తరిగిపోతుంది, ముఖ్యంగా కాళ్లలో.

నాకు ఫ్లూ తగ్గిన కొత్తలో, తలస్నానం చేసి బయటికి రాగానే కాళ్లు వణికాయి. తువ్వాలు నెత్తిన ఉండగానే మంచం అంచున కూలబడ్డాను. చొక్కా గుండీలు పెట్టుకోవాలన్నా చేతులు లేవలేదు. అందుకే ఇంతలా చెబుతున్నా.

అలాగని పడుకునే ఉండమనను. ఇంట్లోనే కాసేపు నడువు, అలసట రాకముందే కూర్చో. ఆ నడక ఎక్కువైందో లేదో మర్నాడు పొద్దున నీ ఒళ్లే చెబుతుంది. ముందురోజు కంటే నీరసంగా లేచావా, ఆ రోజు తగ్గించెయ్. పరుగు జోలికి మాత్రం ఇప్పుడే పోకు. అరుదుగానే అయినా ఈ వైరస్ వల్ల గుండె కండరం వాచే ప్రమాదం ఉంది.

నోరు చేదుగా ఉందని తిండి మానేయకు. ఒక్కసారి తినలేకపోతే కొంచెం కొంచెంగా నాలుగైదు సార్లు తిను. ప్రోటీన్ ఉన్నవి చూసుకుని తిను, తరిగిన కండ తిరిగి రావాలి కదా. మూత్రం ముదురు పసుపుగా వస్తోందంటే నీళ్లు చాలట్లేదన్నమాట.

ఇంకొకటి, ఇది మాత్రం తేలిగ్గా తీసుకోకు. తగ్గిన జ్వరం తిరగబెట్టినా, దగ్గు ముదిరినా, ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి అనిపించినా, గుండె దడ వచ్చినా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లు. ఫ్లూ వెనకాలే బాక్టీరియా చేరి న్యుమోనియా తెచ్చిపెట్టొచ్చు. 1918లో ప్రపంచమంతా పాకిన ఫ్లూలో చాలామంది ప్రాణం తీసింది ఆ న్యుమోనియానే. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ బిళ్లలు నీ అంతట నువ్వు వేసుకోకు. అవి ఫ్లూ వైరస్ మీద పనిచేయవు. బాక్టీరియా చేరిందో లేదో, ఏ మందు వాడాలో డాక్టరే తేల్చాలి.

ఏ పనీ చేయబుద్ధి కావట్లేదని, ఊరికే దిగులుగా ఉంటోందని అన్నావు కదా. ఫ్లూ తర్వాత చాలామందికి అలా ఉంటుంది, పైకి చెప్పరంతే. ఒంటికి ఓపిక వచ్చేకొద్దీ అదీ తగ్గుతుంది. తగ్గకుండా రోజులు గడుస్తుంటే నాతో చెప్పు, దాచుకోకు. ఆఫీసులో ఇంకో వారం సెలవు అడుగు. అడగడానికి మొహమాటమైతే ఆ మెయిలు నేనే రాసి పంపుతా, నీ పేరు కింద పెట్టుకుని పంపించెయ్.

నీ
నేస్తం