మన ఆదివారం నడకల గ్రూప్ వార్షిక నివేదిక (ఎక్కువగా రాళ్ళ గురించే)

అందరికీ నమస్కారం. ఎప్పట్లాగే నడకలు, లెక్కలు, గొడవలు అన్నీ కలిపి రాద్దామని కూర్చున్నా, తీరా చూస్తే సగం పైన రాళ్ళ గురించే అయింది, ఏం చేస్తాం, ఈ ఏడాది మనం చూసొచ్చింది అవే కదా.

ముందు హైదరాబాద్‌లోని ఖాజాగూడ గుట్టలు. ఆరింటికి గేటు దగ్గర కలుద్దామనుకుంటే ఏడైనా కదల్లేదు, అది మామూలే. పైకెక్కాక ఇల్లంత గుండు ఇంకో గుండు మీద అరచేయంత ఆనుకుని నిలబడి కనిపించగానే "దీన్ని ఎవరెక్కించార్రా బాబూ" అని ప్రతిసారీ వచ్చే ప్రశ్నే మళ్ళీ వచ్చింది. ఎవరూ ఎక్కించలేదు, ఎక్కడ్నుంచీ దొర్లి కూడా రాలేదు. ఇది సుమారు 250 కోట్ల ఏళ్ళ కింద భూమి లోపల బాగా లోతులో చల్లారి గట్టిపడ్డ గ్రానైట్. కాలక్రమంలో రాయి నిలువుగా, అడ్డంగా పగిలింది, పగుళ్ళలోకి నీళ్ళు దిగాయి, బండ మూలలకి అన్ని వైపుల నుంచీ తడి తగులుతుంది కాబట్టి ముందు అవే అరిగి, పలకగా ఉన్నది గుండ్రమైంది. అరిగిందంతా మొరం. వానలు ఆ మొరాన్ని ఊడ్చుకుపోయాక గుండ్లు ఉన్నచోటే బయటపడ్డాయి.

మనలో ఒకావిడ గుప్పెడు మొరం తీసి చేతిలో పరిచి చూపించారు చూడండి, అది నాకు బాగా గుర్తుండిపోయింది. గులాబీ రంగు పలుకులు ఫెల్డ్‌స్పార్, గాజు పెంకుల్లా మెరిసేవి క్వార్ట్జ్, గోరు పెడితే పొరలుగా లేచే నల్లవి అభ్రకం. ఫెల్డ్‌స్పార్ మెల్లగా మెత్తబడి బంకమట్టిలా అయిపోతుంది, దాంతో మిగతావి పట్టు వదిలేస్తాయి. ఇంటి ముందు గుంత పూడ్చడానికి ట్రాక్టర్లతో పోయించుకునేది ఇదే. పక్కనే ఒక పలక మీద కర్రతో కొడితే కింద బోలుగా ఉన్నట్టు డబ్బా మోత, ఉల్లిపొరలా లేచిందన్నమాట, దాని మీద గ్రూప్ ఫొటో వద్దని నేనే ఆపేశా, కొందరికి కోపమొచ్చింది.

ఇంకోటి రాయక తప్పదు. నిరుడు మనం ఎక్కి టిఫిన్ తిన్న గుండు ఈసారి లేదు. దారి తప్పామేమోనని అరగంట తిరిగాం, చివరికి మిగిలిన బండ అంచున డ్రిల్లు గాట్లు వరసగా కనిపించాయి, నిలువునా కోసిన పైపుల్లాగా. ఎవరి పనో తెలీదు, మాకెవరికీ మాట రాలేదు.

అనంతగిరికి వెళ్ళినప్పుడు బస్సులో నిద్రపోయినవాళ్ళు అసలు సంగతి మిస్సయ్యారు. వికారాబాద్ దగ్గరికొచ్చేసరికి గుండ్లు మాయమై నల్లరేగడి వస్తుంది. అక్కడ్నుంచి పడమటికి ఎక్కువగా లావా రాయే, సుమారు 6.6 కోట్ల ఏళ్ళ నాటిది, మన గుట్టల ముందు నిన్నగాక మొన్న పుట్టినట్టే. కొండ మీద మాత్రం తుప్పు రంగు, బొక్కల బొక్కల లాటరైట్, ఆ లావా రాయే ఎండకీ వానకీ అలా మారింది. ఇంకొంచెం ముందుకెళ్తే తాండూరు నాపరాయి, లావా కంటే చాలా పాతది, ఒకప్పటి సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి. మన హాల్లో చెప్పులతో తొక్కుతున్నదీ అదే.

గండికోట గురించి ఫొటోలు చాలానే పెట్టారు కాబట్టి ఎక్కువ రాయను. పెన్నా ఎర్రమల కొండల్ని కోసుకుంటూ చేసిన లోయ అది. అక్కడి రాళ్ళు మనవాటిలా గుండ్రంగా ఎందుకు లేవని పిల్లాడొకడు అడిగాడు, మంచి ప్రశ్న. అది క్వార్ట్‌జైట్, గట్టిపడ్డ పాత ఇసుక, మెత్తబడి మట్టయ్యే ఫెల్డ్‌స్పార్ దాదాపు ఉండదు, అందుకని అరగదు, పగులుతుంది. ఇటుకలు పేర్చినట్టు అంచులు పదునుగా ఉండేది అందుకే. మర్నాడు బెలుం గుహలు. మొత్తం 3,229 మీటర్లు, మనల్ని పోనిచ్చేది సుమారు ఒకటిన్నర కిలోమీటరే, దానికే చెమటతో చొక్కాలు పిండుకున్నాం.

వచ్చే ఏడాది తిరుమల శిలాతోరణం అనుకుంటున్నాం, దర్శనం టికెట్లు ఎవరివి వాళ్ళే చూసుకోవాలి.

ఇక లెక్కలు. చందాలు వచ్చాయి, బస్సు అద్దెకి పోయాయి, మిగిలింది ఫస్ట్ ఎయిడ్ డబ్బా. గండికోట ట్రిప్ బాకీ ఇంకా ముగ్గురు ఇవ్వాలి, పేర్లు రాయట్లేదు, వాళ్ళకే తెలుసు.