రామేశ్వరం–తలైమన్నార్ పడవ మళ్లీ నడవాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

2025 ఏప్రిల్‌లో పాంబన్ కొత్త వంతెన తెరిచాక రైళ్లు మళ్లీ రామేశ్వరం దాకా వెళుతున్నాయి. అవతలి ఒడ్డున తలైమన్నార్ రేవు దాకా శ్రీలంక రైలు 2015 మార్చి నుంచే వస్తోంది. లంక అంతర్యుద్ధ కాలంలో పట్టాలు కూడా మిగలని ఆ మార్గాన్ని మన ప్రభుత్వం ఇచ్చిన రుణంతో మన రైల్వే నిర్మాణ సంస్థ ఇర్కానే తిరిగి వేసింది. ఇటు రైలుంది, అటు రైలుంది. మధ్యలో సుమారు 30 కిలోమీటర్ల సముద్రం దాటించే పడవ మాత్రం లేదు. ఈ విషయం మీద మన తెలుగు పత్రికల్లో ఎక్కడా చర్చ కనబడక ఈ లేఖ రాస్తున్నాను.

1914లో పాంబన్ పాత వంతెన తెరిచినప్పటి నుంచి మద్రాసు ఎగ్మోరులో కొలంబోకు ఒకే టికెట్టు కొనుక్కునే వీలుండేది. ధనుష్కోటి రేవు వరకు మీటర్ గేజ్ బండి, అక్కడ స్టీమరు, తలైమన్నార్‌లో దిగితే కొలంబో ఫోర్ట్ వెళ్లే సిలోన్ రైలు. ఎగ్మోరు నుంచి రామేశ్వరం వెళ్లే బండిని పెద్దవాళ్లు ఇప్పటికీ బోట్ మెయిల్ అనే అంటారు. 1964 డిసెంబరు 22 రాత్రి తుపాను ధనుష్కోటిని తుడిచిపెట్టేసింది. స్టేషన్‌కు చేరబోతున్న ప్యాసింజరు రైలును ప్రయాణికులతో సహా మింగేసింది. తర్వాత రామేశ్వరం నుంచి పడవ నడిచింది గానీ 1980లలో లంకలో అంతర్యుద్ధం మొదలయ్యాక అదీ ఆగిపోయింది.

పడవ కావాలని ఇంతగా అడగడానికి నాకున్న కారణం ఆ దేశపు రైళ్లే. కొలంబో నుంచి బదుల్ల వెళ్లే కొండ రైలు ఎక్కాను. మన బ్రాడ్ గేజ్ ఎంత వెడల్పో అదీ అంతే. 1867లో క్యాండీ చేరిన ఈ లైను బదుల్ల చేరేసరికి 1924 అయింది. సుమారు 290 కిలోమీటర్ల దూరానికి దాదాపు పది గంటలు పడుతుంది. రంబుక్కన దాటాక బండి కొండెక్కడం మొదలుపెడుతుంది. పట్టిపొల స్టేషన్ 1,891 మీటర్ల ఎత్తున ఉంది. మనం 1974లో తీసేసిన మూడో తరగతి అక్కడ ఇంకా ఉంది. కిటికీలకు ఊచలు లేవు. ఫొటోలు తీసుకునే విదేశీయులు ఒక పక్క, తేయాకు తోటల ఆడవాళ్లు, బడి పిల్లలు ఇంకో పక్క, అందరూ ఒకే పెట్టెలో. వడల గంప నెత్తిన పెట్టుకుని వచ్చినాయన పప్పు వడ మీద రొయ్య అద్ది వేయించిన ఇస్సో వడె ఇచ్చాడు. పొట్లం కట్టింది బడి పిల్లల పాత నోటుబుక్కు కాగితంతో. అందులో ఎవరో చేసిన కూడికలు, పక్కన టీచరు ఎర్ర సిరాతో పెట్టిన టిక్కులు!

ఒక చిన్న స్టేషన్‌లో బండి నెమ్మదించగానే ఇంజనులోంచి ఒకాయన చెయ్యి చాపాడు. చేతిలో పెద్ద రింగు, దానికి తోలు సంచి, సంచిలో లోహపు బిళ్ల. ప్లాట్‌ఫారం మీదున్న ఉద్యోగి అది అందుకుని మరో రింగు అందించాడు. ఆ బిళ్ల దగ్గరుంటేనే ముందున్న ఒంటి లైను మీదికి బండి వెళ్లాలి. ఒక బిళ్ల బయట ఉన్నంతసేపు ఆ సెక్షన్‌కు రెండో బిళ్ల యంత్రంలోంచి రాదు, కాబట్టి ఎదురుగా ఇంకో రైలుకు దారి దొరకదు. మన దగ్గరా ఒకప్పుడు ఇదే పద్ధతి. మా గూడూరు పిల్లలకు ఇప్పుడు దాన్ని చూపిద్దామంటే మ్యూజియానికి తీసుకెళ్లాలి. అక్కడ అది ఇంకా రోజువారీ డ్యూటీ.

రైళ్ల పేర్లూ నాకు బాగా నచ్చాయి. యాళ్ దేవి, ఉడరట మెణికె, ఇంటి ఆడపిల్లల పేర్లలా ఉంటాయి. ఈ రెండూ 1956లో మొదలయ్యాయి. అప్పటి జనరల్ మేనేజర్ బి.డి. రంపాల ఆ రైల్వేకు కొత్త ఊపు తెచ్చిన ఇంజినీరు.

అయితే ఆ పట్టాల మీద నడిచిన చరిత్ర అంతా తీపి జ్ఞాపకం కాదు. 1964లో మన ప్రధాని శాస్త్రి, లంక ప్రధాని సిరిమావో చేసుకున్న ఒప్పందంలో 5,25,000 మంది భారత సంతతి తోట కార్మికులను మన దేశం తీసుకోవాలని రాసుకున్నారు. పుట్టి పెరిగిన తోటలను విడిచి, అక్కడే ఉండిపోయే అన్నదమ్ములకు స్టేషన్‌లో వీడ్కోలు చెప్పి, ఎన్నో కుటుంబాలు తలైమన్నార్ రైలెక్కి ఈ పడవలోనే వచ్చాయి. విడిపోయినవాళ్లు తిరిగి కలుసుకునే చవక దారి కూడా ఆ పడవే. దాన్ని ఇన్నేళ్లు మూసి ఉంచడం నాకు అన్యాయంగా తోస్తుంది.

2025 నవంబరులో వచ్చిన దిత్వా తుపానుకు కొండచరియలు విరిగిపడి ఆ కొండ లైను చాలాచోట్ల దెబ్బతింది. ఉత్తర లంకలో పట్టాలు వేసిన మనం ఇక్కడా సాయపడాలి. బాగుచేసేటప్పుడు టూరిస్టుల కోసం మాత్రమే కాకుండా, కూరగాయల మూటతో ఎక్కే మనిషికి మూడో తరగతి మిగిలేలా చూడాలని లంక ప్రభుత్వానికి నా విన్నపం.

పడవ గురించి రెండు ప్రభుత్వాలూ మాట ఇచ్చే ఉన్నాయి. 2011లో ఒప్పందం రాసుకున్నాయి. 2024 డిసెంబరు సంయుక్త ప్రకటనలోనూ రామేశ్వరం–తలైమన్నార్ సర్వీసును త్వరగా తిరిగి తెస్తామన్నాయి. తమిళనాడులోని నాగపట్నం నుంచి ఉత్తర లంకలోని కంకేసంతురైకి 2023 అక్టోబరులో మొదలైన ఓడ వాతావరణాన్ని బట్టి ఆగుతూ నడుస్తోంది. ఆ రెండు రేవు పట్టణాల్లోనూ రైల్వే స్టేషన్లున్నాయి. కాబట్టి పాత పద్ధతిలో ఒకే టికెట్టును ముందు అక్కడే ప్రయత్నించవచ్చు. ఓడ దిగాక పాస్‌పోర్టు తనిఖీ అయ్యేదాకా రైలు ఆగేలా టైమింగులు కలిపితే చాలు, దానికి కొత్త వంతెనలేమీ అక్కర్లేదు.

విమానం ఉంది కదా అంటారు కొందరు. పెద్ద కుటుంబం మూటాముల్లెతో వెళ్లాలంటే విమానం ఖర్చు ఎంతో వాళ్లనే అడగాలి. రెండు దేశాల మధ్య జాలర్ల వివాదం ఉంది, నిజమే. అది విడిగా తేల్చుకోవాల్సిన విషయం, దానికోసం ప్రయాణికుల పడవను ఆపనక్కర్లేదు.

తిరుపతి నుంచి రామేశ్వరానికి నేరుగా రైలుంది. ఏటా మన జిల్లాల నుంచి ఎంతోమంది అక్కడికి యాత్రకు వెళుతున్నారు. అందుకే ఇది తమిళనాడు సంగతి అని మన ఎంపీలు వదిలేయకూడదు. 2024 ప్రకటన తర్వాత రామేశ్వరం జెట్టీ పని ఎంతవరకు వచ్చింది, పడవ ఎప్పుడు మొదలవుతుంది, రైలు టికెట్టుతో దాన్ని కలుపుతారా లేదా? ఈ మూడు ప్రశ్నలు పార్లమెంటులో అడిగి రాతపూర్వక జవాబు తెప్పించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
గూడూరు